ఎదుటి చలిపందిరి

కమలాపురం బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే కేశవులు స్టీలు సామాన్ల అంగడి వస్తుంది. బోర్డు మీద ఏదో దేవుడి పేరుంది గానీ ఆ పేరు చెప్పి అడిగితే ఊళ్లో ఎవరికీ తెలియదు. 'నీళ్ల శెట్టి అంగడి' అంటే మాత్రం బస్సులో నుంచే వేలు పెట్టి చూపిస్తారు.

ఆ పేరంటే కేశవులుకు ప్రాణం. ఇరవై ఎనిమిదేళ్లుగా ఉగాది మరునాడు అంగడి ముందర పందిరి వేసి, తడి ఇసుకలో నాలుగు బానలు నిలిపి, వట్టివేళ్లు వేసి, తొలకరి పడేదాకా దారిన పోయేవాళ్ల దాహం తీరుస్తున్నాడు. పోయడానికి మనిషిని పెట్టలేదు. అంగట్లో బేరం భార్య వెంకటలక్ష్మమ్మకు వదిలేసి తానే పోస్తాడు. కొమ్ముచెంబు భుజం దాకా ఎత్తి, వంగి నిలబడ్డ మనిషి దోసిట్లోకి దారం జారినట్టు సన్నటి ధార వదులుతాడు. చెంబు చేతికి తగలదు, చేయి చెంబుకు తగలదు. "అందరికీ ఒకటే ధార. నా పందిట్లో ఎక్కువా తక్కువా ల్యాదు" అని ఎండాకాలంలో రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పందే ఆయనకు అన్నం సయించదు.

ఈ నాలుగైదేళ్లలో ఊరికి కాస్త కండ పట్టింది. అరటికి ధర పలికింది, మిద్దెలు లేచాయి, ఫ్రిజ్జు లేని ఇల్లు వెతుక్కోవలసి వస్తోంది. అయినా బజారుకొచ్చిన మనిషి ఫ్రిజ్జును నెత్తిన పెట్టుకొని రాడు గదా. కేశవులు పందిరికి గిరాకీ తగ్గలేదు, ఈ ఏడు దాకా.

ఈ ఏడు రోడ్డుకు అవతల, మూతబడిన సైకిలు షాపు నీడన విశ్వాసమ్మ ఇంకో పందిరి వేసింది. విశ్వాసమ్మ అరటి తోటల్లో కూలికి పోయే మనిషి. చర్చి ఆడవాళ్లలో ఆమె మాటకు ఎదురు లేదు. వాళ్లంతా వంతులు వేసుకొని, పనికి పోనివాళ్లు పందిట్లో కూర్చునేలా ఏర్పాటు చేసుకున్నారు. విచిత్రమేమిటంటే, పందిట్లోకి కావలసిన మూడు డజన్ల గ్లాసులూ కేశవులు దగ్గరే కొన్నారు.

"ఏమ్మా, పెండ్లి పెట్టుకున్న్యారా?" అని అడిగాడాయన.

"పెండ్లెక్కడిది శెట్టీ! నీ మాదిరే రొంత పుణ్యం చేద్దామని."

కేశవులు పెద్దగా నవ్వి, ఒక గరిటె ఉచితంగా ఇచ్చి పంపాడు. ఆ నవ్వు సరిగ్గా ఆరు రోజులు నిలిచింది.

ఏడో రోజు పేపరు అడ్డం పెట్టుకొని లెక్కపెట్టాడు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా అవతల నలభై ఒక్కమంది, ఇవతల ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకడు టైమెంతని అడగడానికి వచ్చాడు.

మరునాడు బానల్లో సబ్జా గింజలు వేశాడు. ఆ మరునాడు తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. ఫ్లెక్సీ నీడలో ఇద్దరు నిలబడి చెమట తుడుచుకొని, అవతలికి పోయి నీళ్లు తాగారు. అరటి మండీలో కాపలా ఉండే ముసలి శాంతయ్య, పందిరి మొదలైన ఏటి నుంచీ తన చేతి నీళ్లు తాగినవాడు, ఆయన కూడా రోడ్డు దాటుతూ ఇటు చూసి చేయూపాడు. ఆ చేయి ఊపడం కేశవులు గుండెలో ముల్లులా దిగింది.

ముల్లు సంగతి అట్లా ఉంచండి, గునపం ఆ సాయంత్రం దిగింది. కూరగాయల సంచితో వస్తున్న వెంకటలక్ష్మమ్మ విశ్వాసమ్మ పందిట్లో స్టూలు మీద కూర్చొని, గ్లాసు పట్టుకొని తీరిగ్గా నీళ్లు తాగుతూ కనబడింది. పైగా నవ్వుతోంది.

అంగట్లోకి రాగానే పట్టుకున్నాడు. "అంగడి ముందర నాలుగు బానలు పెట్టుకోని, రోడ్డు దాటి పోయి తాగల్నా?"

"దప్పికైంది, తాగితి."

"నా కాడ నీళ్లు ల్యావా?"

"నీ కాడ తాగాలంటే గొడ్డు మాదిరి వంగల్ల. రవికంతా తడుస్తాది. నడిబజార్లో ఆడోళ్లు ఎట్ల వంగుతారయ్యా?"

"ఇన్నేండ్లు తాగల్యా?"

"గతి ల్యాక తాగినారు. ఇప్పుడు గతి ఉండాది, ఆపక్క."

కేశవులు ఆఖరి బాణం తీశాడు. "ధర్మమంటే ధర్మమే. నేను అందరికీ ఒకటే ధార పోస్తాండా!"

"అందరికీనా?" వెంకటలక్ష్మమ్మ వంకాయలు ఏరుకుంటూ తలెత్తకుండా అంది. "మొన్న బ్యాంకు మేనేజరు వచ్చినప్పుడు లోపల్నించి గ్లాసు తెమ్మంటివే? ఆయప్పకు దోసిలి ల్యాదా?"

దీనికి జవాబు వెతుకుతూ కేశవులు రాత్రంతా మంచం మీద దొర్లాడు. దొరకలేదు. జవాబు దొరకని మనిషి తప్పులు వెతుకుతాడు. పొద్దున్నే తువ్వాలు భుజానేసుకొని రోడ్డు దాటాడు.

"రా శెట్టీ, కూర్చో," విశ్వాసమ్మ స్టూలు జరిపింది. "ఏమిట్లొచ్చినావు?"

"ఊరికేలే. మా అంగడి గ్లాసులు గదా, యాడన్న సొట్టలు పడినాయేమో సూద్దామని."

"సూద్దువులే, ముందు తాగు."

నీళ్లలో వాసన ఉంటుందేమోనని ఆశపడ్డాడు. లేదు. గ్లాసు జిడ్డుగా ఉంటుందేమోనని వెలుతురుకు పెట్టి చూశాడు. తన అంగట్లో ఉన్నప్పటికన్నా తళతళలాడుతోంది. గుటకగుటకకూ ఆగి, ఊపిరి పీల్చుకొని, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. బజార్లో కూర్చొని తాగితే నీళ్లకు ఇంత రుచి ఉంటుందని ఆయనకు తెలియడం అదే మొదటిసారి.

"ఇట్లియ్యి శెట్టీ" అని విశ్వాసమ్మ గ్లాసు అందుకొని తొట్టిలో ముంచి పీచుతో తోమింది. ఆ తర్వాత ఒక ఆటో డ్రైవరు గ్లాసు, ఆ తర్వాత కాలేజీ పిల్ల గ్లాసు, ఆ పైన శాంతయ్య గ్లాసు. అన్నీ అదే తొట్టి, అదే పీచు, అదే చేయి. ఆమె ముఖంలో ఏ తేడా లేదు. 'అందరికీ ఒకటే' అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

కేశవులు వెనక్కు వచ్చేటప్పుడు ఆయన కడుపులో నీళ్లతోపాటు నిప్పులు కూడా ఉన్నాయి. ఆమె పందిరి బాగుందని కాదు మంట. ఇంత చిన్న సంగతి, గ్లాసుల్లోనే పుట్టి పెరిగిన తనకు ఇరవై ఎనిమిదేళ్లలో ఎందుకు తోచలేదని.

మరునాడు అంగట్లోంచి రెండు డజన్ల కొత్త గ్లాసులు తెచ్చి బెంచీ మీద పేర్చి, పక్కన నీళ్ల తొట్టీ, పీచూ పెట్టాడు.

"కడిగేదెవరు?" లోపల్నించి వెంకటలక్ష్మమ్మ అడిగింది.

"ఎవరో ఒకరు కడుగుతార్లే."

"నన్ను సూడొద్దు. నాకు బేరముండాది."

పదింటికి శాంతయ్య మండీ నుంచి వస్తూ రోడ్డు దాటబోయాడు. కేశవులు పందిట్లోంచి బయటికొచ్చి గొంతెత్తాడు. "ఏమప్పా శాంతయ్యా! ఇట్లరా ఒకసారి!"

"ఏంది శెట్టీ, పిలిచి పోస్తాండావు? గిరాకీ ల్యాదా?"

"ఎగతాళి మాని తాగు."

శాంతయ్య అలవాటుగా వంగి దోసిలి పట్టాడు. కేశవులు గ్లాసు చాపాడు. ముసలాయన గ్లాసు వైపూ, శెట్టి వైపూ, మళ్లీ గ్లాసు వైపూ చూసి, నడుము నిటారు చేసి అందుకున్నాడు. తాగాడు. "సల్లగుండాయి శెట్టీ. నువ్వు ఆపకుండా పోస్తాంటే మింగలేక ఇన్నాళ్లూ సగం నీళ్లు మోచేతుల్నించి నేలకే పోతాండె."

తర్వాత, ఎవరూ చెప్పకుండానే, శాంతయ్య తొట్టి దగ్గరికి నడిచి మోకాళ్ల మీద కూర్చొని తన గ్లాసు తాను కడగబోయాడు. కుర్రతనంలో టీ అంగళ్ల దగ్గర తాగిన గ్లాసు కడిగి విడిగా బోర్లించిన చేతులవి. వాటికి ఇంకో పద్ధతి తెలియదు.

కేశవులు చూస్తూ నిలబడ్డాడు. పక్క మెడికల్ షాపులో ఇద్దరు ఇటే చూస్తున్నారు. అవతల విశ్వాసమ్మ కూడా చేతిపని ఆపి చూస్తోంది. నీళ్ల శెట్టి అన్న పేరు ఇప్పుడు ఆ తొట్టి దగ్గర, ఆ గ్లాసులో ఉంది. ఆయన పంచె ఎగ్గట్టాడు. మళ్లీ దించాడు. ఇంకోసారి ఎగ్గట్టాడు.

"ఇట్లియ్యప్పా."

"ఉండనీ శెట్టీ, నేను కడుగుతాలే."

"నువ్వు తాగేటోడివి, నేను కడిగేటోడిని. ఇట్లియ్యి అంటాంటే!"

లాక్కున్నాడు. లాగుడులో ఇద్దరి మీదా నీళ్లు చిందాయి. వేల గ్లాసులు అమ్మాడు గానీ ఒక్కటీ తోమి ఎరగడు. పీచును లోపలికి దోపి గిరగిరా తిప్పడమే కడగడమనుకున్నాడు.

"శెట్టీ! అడుగు కూడా తోమల్ల!" అవతల్నించి విశ్వాసమ్మ కేకేసింది. మెడికల్ షాపు వాళ్లు పకపకా నవ్వారు. శాంతయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కేశవులుకు చెవుల దాకా వేడెక్కింది. "నీ గిరాకీ నువ్వు సూసుకోమ్మా! నాకు తెల్సులే!" అని అరిచి, గ్లాసును తిరగేసి, అడుగు తోమడం మొదలుపెట్టాడు.