చల్లని పొర దిగిన రోజు

మా మేడమ్ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను కాలేజీ మేడ మీద వాతావరణ బెలూన్‌లో గ్యాస్ నింపుతున్నాను. ఆవిడ చెల్లెలు కంచరపాలెం నుంచి చేశారు. తెల్లవారుజామున గుండె ఆగిందట. బెలూన్ ఆపేసి వచ్చేస్తానన్నాను.

“ఆపకమ్మా. పడుకోబోయే ముందు కూడా అక్క దాని గురించే అంది. ఎగరేసే రా.”

నా పరిశోధన ఆవిడ చేతి కిందే మొదలైంది. బంగాళాఖాతం మీద పెద్ద ఉరుముల మేఘాలు లేస్తే గాలి కుదుపుకు లోనవుతుంది. ఆ కుదుపు అలలై పైకి పోతుంది. విమానాలు తిరిగే ఎత్తుకీ పైన, అల గాలిని ఎత్తిన చోట చలి పెరిగి మంచు పలుకులు పల్చటి మేఘంగా ఏర్పడతాయి. దించిన చోట వేడెక్కి ఆవిరైపోతాయి. అక్కడి చల్లని పొర రోజురోజుకూ కాస్త కిందికి దిగుతుంటే అది ఆ అల పనే. మొన్నటిదాకా దిగింది. నిన్న కదల్లేదు. ఇవాళా కదలకపోతే, ఇన్నాళ్లూ నేను అల అనుకున్నది బెలూన్‌కు కట్టి పంపే పరికరానికి మంచు పట్టి వచ్చిన తప్పే కావచ్చు.

నిన్న సాయంత్రం మేడమ్‌కి ఫోన్లో ఆ మాటే చెప్పి, అలవాటుగా సారీ అన్నాను.

“కాన్వెంట్లో నీకు ఆ ఒక్క ముక్కే నేర్పారేటి? అది దిగకపోతే నువ్వేటి సేత్తావ్? రేపు సూద్దాం.”

క్లాసులో పుస్తకంలా మాట్లాడే మనిషి, నా భయం చూస్తే మాత్రం ఇంటి మాటలోకి వచ్చేసేవారు.

ఆవిడకూ భయమే. బెలూన్ ఎగిరాక తెర మీద మొదటి అంకె కనబడేదాకా టీ ముట్టేవారు కాదు. తొరక కట్టిన ఆ టీ నేనే పారబోసేదాన్ని. ఎగరేసే ముందు పరికరాన్ని థర్మామీటరుతో సరిచూడమనేవారు, చూశాక మళ్లీ చూడమనేవారు. ఒకసారి నా మొహంలో విసుగు కనిపెట్టి నవ్వారు.

“భయపడ్డోళ్లే రెండోసారి సూత్తారు. నాను అలాగే నెట్టుకొచ్చాను.”

నా పిరికితనం దేనికైనా పనికొస్తుందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

బెలూన్ మూతి కట్టి వదిలాను. మా డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లు అప్పటికే కంచరపాలెం బయలుదేరారు. తెర ముందు కూర్చుంటే ఆవిడ కడసారి చూపు దక్కదేమోనని భయం. లేచి వెళితే, పొర దిగిందో లేదో తెలియకుండా ఆవిడ ఎదుట నిలబడాల్సి వస్తుందన్న భయం. కూర్చున్నాను.

నిన్నటి ఎత్తు ఇంకా రాకుండానే చలి పెరగడం ఆగి, తగ్గడం మొదలైంది. అంటే అన్నిటికన్నా చల్లని చోటు ఇవాళ నిన్నటికంటే కిందే ఉంది. పొర దిగింది.

చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. బెలూన్ అప్పటికి సముద్రంలో ఓడలు లంగరేసిన చోటు దాటి, కింద ఎవరికీ కనిపించని ఆ పల్చటి మంచులోంచి పైకి పోతోంది. ఖాళీ గదిలో అంకెలు వస్తూనే ఉండి ఉంటాయి.