ఫ్లెక్సీ మీద నా అక్షరాలు

2023 వేసవి. నర్సీపట్నంలో పెళ్లిళ్ల సీజను. తెలుగు ఫాంట్లు, అంటే కంప్యూటర్లో వాడే అక్షరాల సాఫ్ట్‌వేర్, ఇంట్లోనే తయారుచేసి అమ్ముకోవడం నా పని. కొనేవాళ్లు పెద్దగా లేక, ఇక మానేసి విశాఖలో ఉద్యోగం చూసుకుందామనుకుంటున్న రోజులవి.

బలిఘట్టం వెళ్తుంటే రోడ్డు పక్కన ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కనిపించింది. స్కూటీ ఆపేశాను. మనిషంత ఎత్తున నా అక్షరాలు. 'ణీ' మీద గుడిదీర్ఘం మెలిక సరిగ్గా నేను తిప్పినట్టే ఉంది. ఒళ్లు ఝల్లుమంది. మరుక్షణం గుర్తొచ్చింది, ఈ ఊళ్లో నేనెవరికీ లైసెన్స్ అమ్మలేదని. లైసెన్స్ అంటే ఫలానా కంప్యూటర్లో ఆ ఫాంటు వాడుకోవచ్చని నేనిచ్చే అనుమతి.

ఫ్లెక్సీ అడుగున దాన్ని ప్రింట్ చేసిన షాపు పేరుంది. గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. ఓనరు వరహాలు గారు కంప్యూటర్ ముందు తంటాలు పడుతున్నారు. పక్కన ఒక పెళ్లికూతురి తండ్రి నిలబడి, "బేగి కానియ్, వరహాలూ" అంటున్నారు. తెర మీద 'విజయలక్ష్మి'లో మ వత్తు ఊడి పక్కన పడింది.

"ఈ ఫాంటు ఎక్కడిదండీ?" అన్నాను.

"కంప్యూటర్ కొన్నప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఏసిచ్చారమ్మా. ఎవులు సేసారో గానీ, అందమంటే దీందే. ఈ లక్ష్మి కాడే ఏడిపిస్తంది. వత్తు నేనే గీసి అతికిస్తన్నాను."

అర్థమైంది. పరీక్షించమని తెలిసినవాళ్లకు పంపిన బీటా, అంటే పూర్తికాని కాపీ అది. ఆ లోపం తర్వాత సరిచేశాను.

"చేసింది నేనేనండీ."

ఆయన కుర్చీలోంచి లేచారు. "మీరా? మనూరేనా?"

అసలు ఫాంటు అక్కడే ఎక్కించాను. పేరు మళ్లీ టైపు చేశారు. వత్తు వచ్చి క్ష కింద కుదురుగా కూర్చుంది. పెళ్లికూతురి తండ్రి వంగి చూసి, "ఇదీ మా అమ్మాయి పేరు" అన్నారు.

"లైసెన్స్ లేకుండా వాడకూడదండీ" అన్నాను, ఎట్టకేలకు.

"కొంటానమ్మా. ఎవులిదో, ఎక్కడ కొనాలో అందులో ఏటీ లేదు. ఎవుల్నడగమంటారు?"

ఆయన ఆరోజే లైసెన్స్ తీసుకున్నారు. తోటి షాపులవాళ్లకు ఫోన్లు కూడా చేశారు; వాళ్లలో కొందరు కొన్నారు.

ఇప్పుడు బీటా కాపీలో నా పేరు, ఫోన్ నంబరు, వాడకానికి గడువు పెట్టే పంపుతున్నాను. కాపీలు ఆగిపోలేదు. కానీ దొంగ కాపీ వాడేవాళ్లంతా దొంగలు కారని, కొందరికి అమ్మేవాళ్లు ఎదురుపడలేదంతేనని తెలిసింది. ఉద్యోగం మాట మర్చిపోయాను. మొన్న గొలుగొండ నుంచి ఒకాయన ఫోన్ చేసి అడిగారు:

"అమ్మా, మీ ఫాంటు మా కాడుంది. దర్జాగా వాడుకోవాలంటే ఏటి సెయ్యాలి?"