తూర్పు గాలి, పడమటి వాలు

మా ముత్తాత ఉప్పల్ చుట్టుపక్కల ఏడూళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత గుర్రం దిగకుండానే తగువు తీర్చేవాడని, ఒకసారి చెప్పిన మాట మళ్ళీ చెప్పేవాడు కాదని నాచారం ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. మా నాన్న హయాంకు గుర్రమూ లేదు, ఊళ్ళూ లేవు. నా దాకా వచ్చింది నాచారం వెనకాల ఒక గుట్ట. అదీ తమ్ముడితో, అంటే చిన్నాయన కొడుకుతో, సగం పాలు.

ఆ గుట్ట మీద నేను గ్లైడర్లనే బొమ్మ విమానాలు ఎగరేసేవాణ్ణి. తేలిక చెక్కతో, పలచటి ప్లాస్టిక్ కాగితంతో నేనే చేసుకున్నవి. వాటికి ఇంజన్ ఉండదు. చేతిలోని రిమోట్ తోకను తిప్పుతుందే గాని పైకి లేపలేదు. లేపేది గాలి. ఎదురుగా వచ్చిన గాలి వాలుకు తగిలి పైకి మళ్ళుతుంది. దాని మీద రెక్క కుదురుకుంటే గంటైనా దిగదు. గాలి వెనక నుంచి వచ్చే వాలు మీద మాత్రం విసిరిన రాయిలా పోతుంది. అందుకే పొద్దున లేవగానే డాబా ఎక్కి ఫ్యాక్టరీ పొగగొట్టం చూసేవాణ్ణి. పొగ తూర్పున చిల్కానగర్ వైపు వంగితే పడమటి వాలు, పడమర మల్కాజిగిరి వైపు వంగితే తూర్పు వాలు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుట్ట పంచుకున్నాం. పెద్దవాణ్ణి కనుక ముందు కోరుకునే హక్కు నాది. తూర్పున రోడ్డుంది, పడమర అంతా బండలు. నేను పడమర అన్నాను.

"బండలేం జేసుకుంటవ్ అల్లుడా?" అన్నాడు పంపకానికి కూర్చున్న మా మేనమామ.

"వానాకాలం గాలి అటే వస్తది."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తమ్ముడు పకపకా నవ్వాడు. "ఇంజన్ లేని ఇమానం, ఊళ్లు లేని దొర. జోడి మంచిగ కుదిరింది."

వానాకాలమంతా పడమటి వాలు నా మాట నిలబెట్టింది. గద్దలు వచ్చి గ్లైడర్ పక్కనే చక్కర్లు కొట్టేవి. చలికాలం రాగానే పొగ మల్కాజిగిరి వైపు తిరిగింది. తూర్పు గాలి మెత్తనిది, అందులో గ్లైడర్ తొందరపడదు. నాకు అదే ఎక్కువ ఇష్టమని పంపకం అయ్యాకనే తెలిసింది.

"రా అన్నా, ఎవ్వలొద్దన్నరు? ఈడ నిలబడి ఇసురుకో," అన్నాడు తమ్ముడు.

ఒకరి నేల మీద నిలబడి ఆడుకోవడం మా ఇంట్లో లేదు. ఆ చలికాలం గ్లైడర్ గోడ మేకుకే వేలాడింది.

మరుసటి చలికాలానికి దారి నేనే కనిపెట్టాను. గుట్ట నెత్తి మీద మా హద్దురాయి ఉంది. ఇవతల నా నేలలో రిమోట్‌తో నేను. అవతల తన నేలలో గ్లైడర్ పట్టుకుని తమ్ముడు. వాడు విసరాలి, నేను నడపాలి.

"కాలు రాయి దాటకుండ సూస్కో దొరా, జుర్మానా ఏస్త."

"ముందు ముక్కు జర కిందికి పెట్టి ఇసురు."

"గాలి నా జాగల నుంచే వస్తది గద, దానికి కిరాయి?"

"గాలికి పట్టా లేదు. ఇసురు!"

గురి తప్పి గ్లైడర్ అటు దిగితే నేను రాయి దగ్గరే నిలబడేవాణ్ణి. వాడే తెచ్చి, వంగి సలాం కొట్టి ఇచ్చేవాడు. అలా చాలా చలికాలాలు హాయిగా గడిచాయి. పోనుపోను నాకంటే ముందే వాడు ఫోన్ చేసేవాడు: "అన్నా, పొగ తిరిగింది."

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. ఒక ఆదివారం వాడు గ్లైడర్ అందుకోలేదు.

"ఈ జాగకు బేరం కుదిరిందన్నా. ఏఎస్ రావు నగర్ల దుకాణం పెడ్తున్న. వచ్చే చలికాలం ఈడ ఎవలుంటరో. ఇయ్యాల నువ్వే వచ్చి ఇసురు."

నేను కదలలేదు.

"పిలిచేది నేనే గదనే. పరాయోడు రాకముందే రా."

రాయి దాటాను. తూర్పు వైపు గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. రిమోట్ వాడి చేతిలో పెట్టి, ముక్కు కొద్దిగా దించి విసిరాను. గ్లైడర్ ఒకసారి తూలి, తేరుకుని లేచింది.

"ఎటు తిప్పాలె? అన్నా, ఎటు?"

"ఎడమకు. మెల్లగ. గాలి సూసుకుంటది."

నీడలు రోడ్డు దాకా సాగేవరకు వాడే నడిపాడు. ఇద్దరం గడ్డిలో నిలబడి చూశాం. చివరికి అది వాడి నేలలోనే దిగింది. ఈసారి నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

ఉగాది దాటాక తూర్పు వాలు, రోడ్డు నుంచి హద్దురాయి దాకా, అమ్ముడుపోయింది.