గార్డుగారు దిగిపోయిన రేవు

సాయంత్రం నాలుగుంపావు. ఓడకూ రేవుకూ నడుమ వాల్చిన ఇనుప వంతెన పైకొసన, కమ్మీ పట్టుకొని, గార్డుగారు నిలబడి ఉన్నారు. ఊళ్ళో తిరిగి అలసిన ప్రయాణికులు చేతుల్లో సంచులతో, నెత్తిన టోపీలతో బారులు తీరి పైకి వస్తున్నారు. ప్రతి ముఖాన్నీ ఆయన ఒక్క చూపుతో పరీక్షించి వదిలేస్తున్నారు. వెతుకుతున్న ముఖం వాటిలో లేదు.

నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. అయిదింటికి ఓడ కదులుతుంది. ఆయన ఇల్లాలు పొద్దున పదింటికి ఒంటరిగా ఊళ్ళోకి వెళ్ళింది, ఇంకా రాలేదు.

గార్డుగారు ముప్పై నాలుగేళ్ళు రైలు గార్డుగా పనిచేసి కిందటేడు పదవీ విరమణ పొందినవారు. ఉద్యోగం ముగిసినా పిలుపు ముగియలేదు. వీధిలో వారికీ, చుట్టాలకూ ఆయన ఇప్పటికీ గార్డుగారే. బండికి ముందు ఇంజను, వెనుక ఆయన. ఆయన ఈల వేసి పచ్చజెండా ఊపనిదే అది అంగుళమైనా కదిలేది కాదు. తన మూలంగా ఏ బండీ ఒక్క నిమిషమైనా ఆలస్యంగా బయలుదేరలేదన్నది ఆయన జీవితానికంతటికీ మిగిలిన గర్వం. పరుగెత్తుకొచ్చే వాళ్ళను చూసి ఊపుతున్న జెండాను ఏనాడూ దించి ఎరుగరు. ఎవరైనా నిష్ఠురమాడితే, "బండి మా నాన్నదా, నిమిషం ఆపడానికి?" అనేవారు.

ఇంట్లో కాలం కూడా ఆయన డ్యూటీ పట్టికను అనుసరించే నడిచింది. ఆయన ఏ వేళకు గడపలో అడుగుపెడితే ఆ వేళకు పొయ్యిమీద అన్నం వేడిగా ఉండాలి. ఆయన తిని లేచాకే ఆమె కూర్చునేది. దినదినమూ ఊళ్ళు దాటి వచ్చే మనిషికి ఇల్లాలై ఉండి, ఆమె పొలిమేర దాటిన సందర్భాలు మాత్రం వేళ్ళమీద లెక్కించవచ్చు. పదవీ విరమణ నాడు సన్మానపు దండ మెడలో ఉండగానే, "ఏం కావాలో అడుగు" అన్నారాయన ఉదారంగా. ఆమె తడుముకోలేదు.

"పట్టాలు లేనిచోటికి తీసుకెళ్ళండి."

అలా కుదిరింది ఈ ఎనిమిది రోజుల సముద్రయానం.

ఓడ భోజనశాలలో వారి బల్ల కిటికీ పక్కన. తోడుగా కూర్చున్నది ఒక టీచరమ్మ: ఒంటరి ప్రయాణికురాలు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. మొదటి సాయంత్రం వడ్డించే అతను వచ్చి ఇల్లాలి ముందు వంటకాల పట్టిక పెట్టి, ఏం తీసుకుంటారని వినయంగా అడిగాడు. ఆమె పట్టిక తెరిచే లోగానే గార్డుగారు సమాధానం చెప్పేశారు. "ఇద్దరికీ కూరగాయల సూపు, రొట్టె. అంతే."

టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏమండీ గార్డుగారూ, ఆవిడ నాలుక కూడా మీ పెట్టెలోనే పెట్టి తాళం వేశారా?"

ఇల్లాలు నవ్వు ఆపుకోబోయి దగ్గింది. గార్డుగారు మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపారు; దగ్గు నీళ్ళ కోసం కాదని ఆయనకు తోచలేదు.

మొదటి రేవు మూడోనాడు వచ్చింది. ఆ ఊళ్ళో ఒక గుండీల కొట్టు ఉంది. నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగులు. ఒక్కో సొరుగుకు ముందు నమూనాగా ఒక గుండీ కుట్టి ఉంది. ఇల్లాలిది కుట్టుపనిలో ఆరితేరిన చెయ్యి. నీలపు గాజు గుండీ ఒకటి అరచేతిలో పెట్టుకొని, వెలుతురుకు ఎత్తి, లోకం మరిచి చూస్తున్నది.

"ఇక్కడ హాల్టు నాలుగు నిమిషాలే. పద పద," అన్నారు గార్డుగారు గుమ్మంలోంచే.

ఆమె గుండీని మెల్లగా సొరుగులో పెట్టి, సొరుగు మూసి, బయటికి వచ్చింది. దారి పొడుగునా పెదవి విప్పలేదు. ఆ మౌనాన్ని గార్డుగారు అలసట అనుకున్నారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వడ్డించే అతను రాగానే ఆయన నోరు తెరిచారు. ఆమె ముందే అంది. "నాకు చేప."

"నీకు పడదు."

"పడుతుందో లేదో తిన్నాక చెప్తాను."

"ముళ్ళుంటాయే, నీకు చేతకాదు."

"ముప్పై ఏళ్ళుగా మీ కంచంలో ముళ్ళు ఏరి పెట్టింది ఎవరండీ?"

టీచరమ్మ చెంచా కింద పెట్టి మరీ ఆనందించింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. గార్డుగారి చెవులు ఎర్రబడ్డాయి. గదికి వచ్చి తలుపు వేయగానే, "నలుగురిలో నా పరువు తీశావు," అన్నారు.

"మీరు నలుగురిలో నా నోరు మూశారు. మీకది కనపడలేదు." ఆమె గొంతు పెంచలేదు. "ఎల్లుండి వచ్చే రేవులో నేనొక్కదాన్నే దిగుతాను. మీరు ఓడలో డ్యూటీ చేసుకోండి."

ఆ రేవే ఇది.

పొద్దున తలుపు కిందనుంచి ఓడవాళ్ళ కాగితం వచ్చింది. ఏ కాగితాన్నైనా పెన్సిలు పట్టుకొని చదవడం గార్డుగారి అలవాటు. రెండో పేజీలో ఒక వాక్యం: ఈ ఊరి గడియారాలు ఓడ గడియారం కంటే ఒక గంట వెనుక ఉంటాయి, ప్రయాణికులు ఓడ సమయాన్నే పాటించాలి. ఆయన దాని కింద రెండు గీతలు గీశారు. ఇల్లాలు అద్దం ముందు జడ ముడి వేసుకుంటున్నది. ఆయన తలెత్తడం అద్దంలో చూసి, "ఏమన్నా చెప్పాలా?" అంది.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే అభిమానం వచ్చి అడ్డం నిలిచింది. అన్నీ తెలిసినదానికి చెప్పేదేముంది?

"ఏం లేదు," అన్నారు.

ఆమె వెళ్ళిపోయింది. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోను ఆయన జేబులోనే ఉండిపోయింది.

ఇప్పుడు వంతెన మీద నిలబడి ఆయన ఆ క్షణాన్నే తలచుకుంటున్నారు. ఏమో, దారిలో ఎవరైనా చెప్పి ఉంటారులే, అని మనసుకు నచ్చజెప్పుకోబోయారు. అంతలో టీచరమ్మ ఆయాసపడుతూ పైకి వచ్చింది.

"మీ ఆవిడా? బట్టల వీధిలో కనపడింది. పోదాం రమ్మంటే, 'ఇంకా బోలెడు టైముందండీ, మీరు నడవండి' అంది. గడియారం కూడా చూసుకునే చెప్పింది. నాకే తెలియదేమో అనుకొని వచ్చేశాను."

అప్పుడు వెలిగింది గార్డుగారికి. పెళ్ళైన కొత్తలో ఆమెకు చేతిగడియారం కొనిచ్చి తానే నేర్పిన పాఠం అది: "ఏ ఊళ్ళో దిగినా ఆ స్టేషను గడియారమే మనకు ప్రమాణం. ముందు ముల్లు దాంతో కలుపు, తర్వాతే అడుగు వెయ్యి." ఆమె వేదవాక్కులా పాటించింది. మొన్నటి రేవులోనూ రేవు గడియారం కింద నిలబడి చేతిగడియారం సరిచూసుకున్నది. అక్కడ రెండూ ఒకటే గనక మార్చవలసిన అవసరం పడలేదు. ఇక్కడ ముల్లును ఒక గంట వెనక్కి తిప్పి ఉంటుంది. భర్త చెప్పినది చెప్పినట్టు చేయడమే ఆమె చేసిన తప్పు.

ఆయన లెక్క వేశారు. గార్డు భార్య గనక నాలుగున్నర గడువుకు ఇరవై నిమిషాలు ముందే వస్తుంది. ఆమె గడియారంలో నాలుగూ పది. ఓడ గడియారంలో అయిదూ పది. ఓడ వెళ్ళిన పది నిమిషాలకు ఆమె నెమ్మదిగా, నిశ్చింతగా, ఖాళీ రేవులోకి నడిచి వస్తుంది.

ఊళ్ళోకి పరుగెత్తుదామా అంటే ఏ వీధిని వస్తుందో తెలియదు. ఆయన ఒక దారిన వెళ్ళి, ఆమె ఇంకో దారిన వస్తే? నిలబడనూ లేరు, కదలనూ లేరు. ఓడకూ నేలకూ నడుమ ఆ ఇనుప పలకల మీద ఆయనది అచ్చంగా త్రిశంకువు స్థితి.

నాలుగూ నలభై. వంతెన దగ్గర తెల్ల దుస్తుల్లో ఉన్న అధికారిణి చేతిలోని జాబితాతో దగ్గరికి వచ్చింది. కూతురి వయసు ఉంటుంది.

"సార్, రెండువేల మందిలో ఒక్కరే లెక్క తేలలేదు. మీ భార్య."

"వస్తుందమ్మా. అయిదూ పదికి వస్తుంది."

"అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

"ఆమె సంగతి నాకు తెలుసు. పది నిమిషాలు ఆపండి. పదే."

"కుదరదు సార్. సముద్రపు పోటు తగ్గేలోపు ఓడను బయటికి తీసుకెళ్ళాలి. దారి చూపే పైలట్ కూడా ఎక్కేశాడు. ఒక్కరి కోసం ఇంతమందిని ఆపలేం కదా." ఆ గొంతులో కాఠిన్యం లేదు. "మీ గదిలోంచి ఆవిడ పాస్‌పోర్టు తెప్పించి రేవు ఏజెంటుకి అప్పగిస్తాం. ఆయన ఆవిణ్ని బస్సులో తర్వాతి రేవుకి పంపిస్తాడు. రేపు మధ్యాహ్నానికి మీ దగ్గరుంటారు. మీరు లోపలికి వెళ్ళండి. ఇది మాకు మామూలే."

ఒక్కొక్క మాటా గార్డుగారిదే. ఆ మామూలు అన్న మాటతో సహా.

ఎన్నడూ గుర్తురాని ఒక ప్లాట్‌ఫారం అప్పుడు కళ్ళకు కట్టింది. పాల సీసాతో పరుగెత్తుకొస్తున్న ఒక మనిషి. కిటికీ దగ్గర చంటిబిడ్డను ఎత్తుకొని అతని భార్య. ఆమె అరవలేదు, ఏడవలేదు. తల తిప్పి, పచ్చజెండా పట్టిన గార్డుగారి చేతి వంకే చూసింది. ఆయన చెయ్యి ఆగలేదు. పెట్టెలోకి వెళ్ళి కూర్చొని పుస్తకంలో 'సరైన సమయం' అని రాసుకున్నారు. ఆ మనిషి తర్వాత ఏమయ్యాడు? ఆ తల్లి ఏ స్టేషనులో దిగింది? ఆయన అడగలేదు. అడగవలసిన పని ఉందని కూడా తోచలేదు.

పాస్‌పోర్టు వచ్చింది. అధికారిణి దాన్ని కవరులో పెడుతున్నది.

"నాది కూడా తెప్పించమ్మా," అన్నారు గార్డుగారు.

"సార్?"

"నాదీను. బల్ల సొరుగులో ఆమె బీపీ మాత్రల డబ్బా ఉంటుంది, అదీ."

"సార్, ఆలోచించుకోండి. దిగితే మళ్ళీ ఎక్కించుకోవడానికి ఉండదు. మీకోసం కూడా ఆగం."

"ఆగొద్దు. ఆపమని అడగడం నాదే తప్పు."

ఎనిమిది నిమిషాలు గడిచాయి. వంతెన కింది కొసన నిలబడ్డ నావికుడు చేయి ఎత్తి సైగ చేశాడు. గార్డుగారు కవరు చంకన పెట్టుకొని, కమ్మీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగారు. కాలు నేలకు ఆనగానే వెనుక గొలుసులు గలగలలాడాయి. వంతెన పైకి లేచింది. పై అంతస్తు నుంచి టీచరమ్మ ఏదో కేకవేసింది. ఓడ కూత ఆ మాటను మింగేసింది.

ఆయన ఈల లేకుండా, ఆయన జెండా లేకుండా, అంత పెద్ద ఓడ కదిలిపోయింది. మధ్యన నీళ్ళు ముందు చాపంత, తర్వాత వీధంత, తర్వాత ఏరంత అయ్యాయి. పక్కన రేవు ఏజెంటు, లావుపాటి మనిషి, గొడుగు చంకన పెట్టుకొని కాగితాలు తిరగేస్తున్నాడు.

"ఇద్దరా? నాకు ఒకరనే చెప్పారే!" అని విసుక్కున్నాడు.

అయిదూ పది. అయిదూ పన్నెండు. లెక్క తప్పింది. రాకపోతే? దారి తప్పితే? ఏ వాహనమో తగిలి ఏ ఆసుపత్రిలోనో పడి ఉంటే? తన లెక్క ఒక్కటే నిజమని ముప్పై నాలుగేళ్ళు నమ్మిన మనిషికి రెండు నిమిషాల తేడా రెండు యుగాలైంది.

అయిదూ పదిహేనుకు రేవు వాకిట్లో ఇల్లాలు కనిపించింది. చేతిలో కాగితపు పొట్లం, ముఖంలో ఎండ. సగం దూరం వచ్చి ఆగింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. గడియారం చూసుకుంది. అప్పుడు ఆయనను చూసింది.

"అదేంటండీ, మీరిక్కడ? ఓడేదీ?"

"వెళ్ళిపోయింది."

"ఇంకా పావుగంట టైముందిగా!"

రేవు ఏజెంటు కల్పించుకున్నాడు. "ఓడ టైము వేరు, ఊరి టైము వేరు తల్లీ. కాగితం మీద రాసిచ్చారు కదా. చూసుకోవద్దూ?"

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో! నేను చూసుకోలేదు. నా మూలంగా..."

ఆమె మాట అక్కడే ఆగిపోతే గార్డుగారికి ఏ చిక్కూ లేదు. ఆయన ఆ వాక్యం ముందే చదివిన సంగతి తెలిసినవాడు మరొకడు లేడు.

"నేను చూశాను," అన్నారాయన. "పొద్దునే చూశాను. గీత కూడా గీశాను. నువ్వు అడిగావు. నేను చెప్పలేదు."

దూరాన ఓడ చిన్నదైపోతున్నది. ఆమె దానివైపు తల తిప్పలేదు.

"ఎందుకు?"

"కోపం."

"చేప తిన్నందుకా?"

ఆయన తల వంచుకున్నారు.

"మరి మీరెందుకు దిగారు?"

"లోపల నువ్వు లేవు కదా," అన్నారాయన.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దయవల్లనా కోపంవల్లనా ఆయన పోల్చుకోలేకపోయారు. ఆమె పమిటతో అద్దుకోలేదు, వాటిని దాచనూ లేదు.

"బస్సు ఆరింటికి," అన్నాడు ఏజెంటు ఇద్దరి మధ్యనుంచి. "ఈ ఊరి టైము. అయిదు గంటల ప్రయాణం."

ఇల్లాలు కవరు లాక్కొని, లోపల మాత్రల డబ్బా ఉందో లేదో చూసుకొని, మూసింది.

"ఆ అయిదు గంటలూ నాతో మాట్లాడకండి."

"సరే."

"సరే అనడం కూడా మాట్లాడడమే."

గార్డుగారు నోరు మూసుకున్నారు. ఆమె ముందు నడిచింది.