జాజు బొట్ల కార్డులు

మా తోడికోడలు శ్యామల ఇంటర్ మధ్యలోనే ఆపేసింది. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఏడాదంతా నా తలలో తిరిగింది ఇదొక్కటే.

తాండూరులో మా ఇంటికి రెండు వాటాలు. ఒకదానిలో నేను, నా భర్త ఈశ్వర్, రెండేళ్ల మా బిడ్డ రచన. రెండోదానిలో మా మరిది శ్రీను, శ్యామల. ఈశ్వర్ పొద్దున రైల్లో వికారాబాద్ ఆఫీసుకు పోయి సాయంత్రం దిగుతాడు. శ్రీను నాపరాయి లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మా అత్తమ్మ జంగమ్మ వాకిట్లో మంచం వేసుకొని రెండు వాటాల మీదా ఒక కన్ను వేసి ఉంచుతుంది. నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. బిడ్డ పుట్టాక మానేశాను.

వాకిలి పక్కన ఒక విడిగది ఉంది. అందులో శ్యామల మోటర్లకు వైండింగ్ చేసేది. యాలాల్‌లో వాళ్లది గొర్లు కాసే ఇల్లు. వైండింగ్ పని మాత్రం మేనమామ దుకాణంలో నేర్చుకుంది. రాయి పాలిష్ పట్టే యూనిట్ల మోటర్లు, బోరు మోటర్లు ఆమె దగ్గరికి వచ్చేవి. లాక్‌డౌన్‌లో యూనిట్లు మూతపడితే పని పోయింది. ఖాళీగా కూర్చొని ఫోన్‌లో హిందీ వీడియోలు చూసేది. వంటల వీడియోలు అనుకున్నాను. ఆరు నెలలు పోయాక ఒకరోజు వాకిట్లో చెప్పింది, గ్రాఫిక్స్ కార్డులతో క్రిప్టో మైనింగ్ పెడతానని.

అత్తమ్మకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేను కూడా దాని గురించి చదివాను. చదివి, మనలాంటి వాళ్లకు కాదులే అని వదిలేశాను.

శ్యామలకు పుట్టింట్లో సొంత గొర్లు ఉండేవి. చిన్నప్పుడు తండ్రి ఆమె పేర ఒక ఆడ గొర్రెపిల్లను విడిచాడు. దాని సంతానమంతా ఆమెదే, వాటి మీద ఇంకెవరికీ మాట లేదు. వాటిని అమ్మింది. హైదరాబాద్‌లో పాత కంప్యూటర్ల బజారుకు మూడుసార్లు పోయి ఆరు కార్డులు తెచ్చింది.

“వానలు పడేదాక జూస్త,” అంది అత్తమ్మ. “అప్పటికి నడిస్తె గది నీదే. ఖరాబైతే గది దేవికకియ్యి. పిల్ల నడుస్తున్నది, దానికి జాగ గావాలె.”

దేవిక నేనే. మా వాటాలో ఉన్నది ఒకటిన్నర గది. రచన లేచి నడిస్తే స్టవ్వుకో, ఇస్త్రీ పెట్టెకో తగులుతుందేమోనని నాకు రోజంతా గుండె దడ. ఆ విడిగది మీద నాకు మొదటినుంచీ కన్ను ఉంది. దాచడం ఎందుకు.

ఇనుప రాక్ ముక్కలు బిగించి శ్యామల ఒక చట్రం చేసింది. కార్డులను దానికి వరసగా వేలాడదీసి, ఒక్కోదాన్ని పొడుగు వైరుతో కింద ఉన్న మదర్‌బోర్డుకు కలిపింది. అవి పగలూ రాత్రీ లెక్కలు వేస్తాయి. లెక్క అనడం కూడా ఎక్కువే, ఊహించడం అనాలి. ఒక అంకె పట్టుకొని, సరిపోయిందా చూసి, లేకపోతే ఇంకో అంకె. సెకనుకు కోట్ల సార్లు. ఎక్కడెక్కడి వాళ్ల యంత్రాలో ఇంటర్నెట్‌లో ఒక జట్టుగా కూడి ఈ పని చేస్తాయి. ఎవరికి దొరికినా, చేసిన పనిని బట్టి జట్టులో అందరికీ ఇథీరియం అనే, అమ్ముకోగల డిజిటల్ నాణెంలో చిన్న చిన్న వంతులు వస్తాయి.

నేను భయపడ్డాను. ఆరు కార్డులు, ఇంట్లో చిన్నపిల్ల. “ఎర్తింగ్ ఉందా?” అని అడిగాను. ఉప్పు, బొగ్గు వేసి కొత్త గుంత తీయించానని చూపించింది. “ఫ్యాన్లలో పిల్ల వేలు పెడితే?” అన్నాను. ముందు వైపు కోళ్ల గూటికి కట్టే జాలీ బిగించి ఉంది. జాలీని ఒకసారి లాగి చూసి ఇంట్లోకి వచ్చేశాను.

కార్డులను ఎంత పవర్ దగ్గర నడిపితే తక్కువ వేడికి ఎక్కువ పని చేస్తాయో నేను నోట్‌బుక్‌లో రెండు పేజీల లెక్క కట్టాను. కార్డుకు నూట ఇరవై వాట్లు తేలింది. తీసుకుపోయి చూపించాను. ఆమె స్క్రీన్ మీద అప్పటికే అదే అంకె ఉంది.

“ఎట్ల తెలిసింది నీకు?”

“జర జర తగ్గించుకుంట వచ్చినక్కా. గీడికొచ్చినంక ఫ్యాన్లు సుఖంగ ఊపిరి తీసినయి. ఆపిన.”

కంపెనీ వాళ్లు ఇచ్చిన నెంబర్లు ఆమెకు పట్టలేదు. గొర్లకు వేసినట్టే ఒక్కో కార్డుకు ఎర్రటి జాజుతో గుర్తు వేసింది. ఒకదానికి ఒక బొట్టు, ఒకదానికి రెండు, ఒకదానికి అడ్డగీత. పేర్లు కూడా పెట్టింది: బొల్లిది, నల్లది, కుంటిది, పొగరుది, ముసల్ది, పొట్టిది. గదిలోకి పోగానే స్క్రీన్ చూసేది కాదు. గుమ్మంలో నిలబడి వినేది. మందలో ఏ గొర్రె దగ్గిందో చీకట్లో విని చెప్పగల మనిషి ఆమె. ఆరు ఫ్యాన్ల హోరులో ఏ బేరింగ్ అరిగిందో అట్లాగే చెప్పేది.

అత్తమ్మకు అప్పుడు సంగతి అర్థమైంది. నేను ఇథీరియం గురించి మూడుసార్లు వివరించినా అర్థం కాని మనిషి, “కుంటిదానికి ఇయ్యాల ఎట్లున్నది?” అని శ్యామలను అడగడం మొదలుపెట్టింది. గొర్ల ఇళ్లలో పుట్టిన వాళ్లిద్దరికీ ఒక భాష ఉంది. మా తాత గొర్లు అమ్మేసి వికారాబాద్‌లో గుమాస్తా అయ్యాడు. ఆ భాష నాదాకా రాలేదు.

ఈశ్వర్ కూడా అంతే. రైలు దిగి వచ్చి, చెప్పులు విప్పకముందే గది కిటికీ దగ్గర ఆగేవాడు.

“వేడి ఎంతున్నది శ్యామలా?”

“అరవై రెండు బావా.”

“మస్తు.”

నా బిడ్డకు ఆ రోజు జ్వరం ఎంత ఉందో అడగడానికి ఇంకో పావుగంట పట్టేది. చలికాలంలో ఆ గది వెచ్చగా ఉంటుందని రచన కూడా అక్కడే ఆడుకుంటూ నిద్రపోయేది. నా ఒళ్లో గంట జోకొట్టినా మూతపడని కళ్లు, అక్కడ ఫ్యాన్ల చప్పుడుకు మూతపడేవి.

ఏప్రిల్ వచ్చింది. మా ఊరి ఎండకు కార్డుల వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీల దాకా ఎక్కింది. శ్యామల ముఖం మొదటిసారి వాడింది. అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

“కిటికీకి గోనెసంచులు కట్టి తడుపు. నీళ్లు ఆవిరైతే గాలి చల్లబడుతుంది,” అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. “మన ఊరి దుమ్ముకు నీళ్లు తగలొద్దక్కా. బోరు మోటర్లల్ల జూసిన. రాయైతది.”

ప్రతి ఆదివారం ఆమె కార్డులను బ్లోయర్‌తో పొడిగానే ఊదేది. చుట్టూ పాలిష్ యూనిట్లే కదా, తెల్లటి దుమ్ము కుప్పగా రాలేది.

“దుమ్ము తడి సంచికే అంటుకుంటుంది, లోపలికి రాదు. ఇది మోటరు కాదు. నేను చదివింది ఇదే కదా,” అన్నాను. నా గొంతు క్లాసులో చెప్పినప్పటిలాగే ఉంది.

“నువ్వు చెప్తున్నవు గద,” అని సంచులు కట్టింది.

వేడి అరవై ఆరుకు దిగింది. ఈశ్వర్ ఆ సాయంత్రం కిటికీ దగ్గర ఆగి, “ఎవరి ఐడియా?” అన్నాడు. “అక్కదే,” అంది శ్యామల. ఆ వారం రోజులు నాకు ఇంట్లో నడక కూడా మారింది.

నాలుగో వారంలో కుంటిది ఆగిపోయింది. రెండు రోజులకు ముసల్ది. శ్యామల విప్పి చూపించింది. కార్డు వేడిని బయటికి వదిలే రేకుల మధ్య దుమ్ము సిమెంటులా గట్టిపడి ఉంది. సంచుల్లోంచి సన్నటి తుంపర గాలితో పాటు లోపలికి పోయింది. నాపరాయి ఒక రకం సున్నపురాయే. దాని పొడి తడిసి ఆరితే ఏమవుతుందో తాండూరులో పాలిష్ మెషిన్ దగ్గర కూలికి పోయే ఎవరినడిగినా చెప్తారు. నేనే అడగలేదు.

మిగిలిన నాలుగింటినీ అప్పుడే ఆపేసింది. గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఆరు నెలల్లో అదే మొదటిసారి.

“రాయిని కరిగించేదేమన్న ఉన్నదా అక్కా? రేకులు పాడుగావద్దు. అది నీకే తెలుస్తది.”

నిమ్మ ఉప్పు పలచగా కలిపాను. పాత టూత్‌బ్రష్‌లతో ఇద్దరం రెండు పగళ్లు గీకాం. తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాం. ఆ రెండు రోజుల్లో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటుందని ఎదురుచూసీ చూసీ నాకే కోపం వచ్చింది. నాలుగు కార్డులు తిరిగాయి. రెండు లేవలేదు.

అత్తమ్మ మంచం మీదనుంచి లేచి వచ్చింది.

“గొర్లమ్ముకొని తెస్తివి. ఖరాబు జేస్తివి. గా తడి సంచులు ఎవలు గట్టమన్నరే నిన్ను?”

“ఎవలంటరు అత్తమ్మా. ఎండ జూసి నాకే బుద్ధి పుట్టింది.”

“పుట్టింది గద. ఇంక గది ఖాళీ జెయ్యి. దేవికకియ్యి.”

నేను బ్రష్ పట్టుకొని అక్కడే ఉన్నాను. నోరు తెరవకుండా ఉంటే చాలు, గది నాది. రచన మంచం ఏ మూల వేయాలో, ప్లగ్గులకు మూతలు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పటినుంచో తెలుసు. శ్యామల నా వైపు చూడలేదు. ఆమె ముఖంలో త్యాగం లాంటిది కూడా ఏమీ లేదు. గొడవ తొందరగా అయిపోతే బాగుండు అన్నట్టు ఉంది, అంతే.

కార్డులు ఆమెవి, అత్తమ్మ భాష ఆమెది, ఈశ్వర్ మెచ్చుకోలు ఆమెది, నా బిడ్డ నిద్ర ఆమెది. ఇప్పుడు నా తప్పు కూడా ఆమెదే. అది నేను ఓర్చుకోలేకపోయాను.

“సంచులు నేనే కట్టమన్నాను అత్తమ్మా,” అన్నాను. “తను వద్దంది. నేనే వినలేదు.”

అత్తమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “గంత సదివి గిదా,” అంది నాతో. “అయితె ఖరాబు జేసింది నువ్వు. దాని గది దానికే ఉండనీ.” మళ్లీ పోయి పడుకుంది.

శ్యామల గొంతు తగ్గించి అడిగింది, “ఎందుకు జెప్పినవక్కా? ఒక్క తిట్టుతోని పోతుండె. నీకు గది గూడ వస్తుండె.”

“అన్నీ నువ్వే తీసుకుంటే నాకేం మిగులుతుంది?”

ఆమె నవ్వింది. “తిట్లు గూడ వంతులేసుకుంటమా ఇగ?” అంటూ చచ్చిన కార్డులు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. “గీ రెండు నీయి. లేపుకో. నువ్వెట్ల లేపుతవో జూస్త.”

అది ఎగతాళో, నిజంగా ఇవ్వడమో అడగలేదు. ఈశ్వర్ పాత కంప్యూటర్‌ను వంటగది అరుగు మీద పెట్టుకొని, రచన నిద్రపోయిన మధ్యాహ్నాల్లో ఒక్కో రేకూ సూదితో గీకాను. పదకొండో రోజు ముసల్ది తిరిగింది.

ఆ సంగతి మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా నా ఒక్కదానికే ఉంచుకున్నాను.