‘ఆలస్యం’ అనే కాలమ్

వేసవిలో మా హైదరాబాదు వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. గొట్టం విప్పగానే కాలిన సిమెంటు మీద నీళ్ళు పడి ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, చేస్తున్న పని ఆపి కిటికీ దగ్గర నిలబడతాను. సుభద్ర మేడం గుర్తొస్తారు.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో, ఒమన్‌లో మస్కట్ పక్కనున్న అల్ అమెరాత్‌లో, ఇళ్ళకూ స్కూళ్ళకూ సైట్లకూ ట్యాంకర్లతో నీళ్ళు పంపే కంపెనీలో నేను రిపోర్టులు తయారుచేసేదాన్ని. ఆవిడ మా కంప్యూటర్ విభాగానికి మేనేజరు. మీటింగుల్లో ఇంగ్లీషు, డ్రైవర్లతో హిందీ, కాకినాడ పిల్లనైన నాతో అచ్చమైన కడప తెలుగు. చేరిన కొత్తలో నేను విభాగానికో రిపోర్టు చొప్పున చేసి గర్వంగా చూపించాను.

“ఇన్ని ఎందుకమ్మా చేసినావు?”

“అకౌంట్స్ వాళ్ళకి గ్యారేజీ సంగతులు అక్కర్లేదు కదండీ. ఎవరివి వాళ్ళకి.”

“రేపు ఒక లెక్క మారితే అన్నిట్లోనూ దిద్దుకుంటా కూర్చుంటావా? ఒకటే చెయ్. ఏం సూడాల్నో వాళ్ళనే ఎంచుకోనీ.”

అలాగే చేశాను. తెర పక్కన ఒక పెట్టె. అందులో ఏ కాలమ్‌కు టిక్కు పెడితే అదే కనబడుతుంది. ఊరు సహం అని ఎంచుకుంటే సహం ట్రిప్పులే మిగులుతాయి. ఆఫీసంతా మెచ్చుకుంది. అందరికన్నా ఎక్కువ వాడింది, ట్యాంకర్లను నడిపించే ఆపరేషన్స్ మేనేజరు. నెలవారీ సమావేశానికి ఆయన తీసిన ప్రింటులో, ట్యాంకరు ఎంత లేటుగా చేరిందో చెప్పే ‘ఆలస్యం’ కాలమే లేదు.

నేను కంగారుపడి మేడంకు చూపించాను. ఆవిడ తొణకలేదు. “తనకు వద్దనుకుంటే తీసేసుకోనీ. తీసేసినట్టు చదివేవాళ్ళకు తెలియాల. పేజీ పైన ఒక లైను పెట్టు: ఏ కాలమ్‌లు చూపలేదో, ఏ ఊళ్ళు వదిలినారో.”

ఆ లైను చూసి ఆయన మా గదికి వచ్చాడు. “ఏక్ లైన్ హీ తో హై, మేడం. నికాల్ దో.” ఒక్క లైనే కదా, తీసేయమని నావైపూ చూశాడు. నా వీసా కంపెనీది, ఉద్యోగం పోతే ఇంటికే.

“ఆ పిల్లను అడగొద్దు సార్, చెప్పింది నేను,” అన్నారావిడ హిందీలో. “మీ కాగితంలో ఏముండాలో మీ ఇష్టం. లేనిది లేదని చెప్పడం నా పని.”

సమావేశంలో, మేమంతా అర్బాబ్ అని పిలిచే ఒమానీ యజమాని ఆ లైను దగ్గరే ఆగాడు. “ఇది చూపించు,” అన్నాడు. లాప్‌టాప్ ముందున్నది నేనే. టిక్కు పెట్టాను. సహం వరసలన్నీ ఆలస్యాలతో నిండిపోయాయి. అప్పుడు ఆపరేషన్స్ మేనేజరు తలెత్తకుండానే చెప్పాడు: అక్కడి ట్యాంకర్లు పాతబడ్డాయి, సగం రోజులు గ్యారేజీలోనే ఉంటున్నాయి, కొత్తవి అడిగితే చేతగానివాడంటారని ఊరుకున్నాను అని. అర్బాబ్ కసురుకున్నాడు. కానీ ఆ నెలలోనే సహానికి కొత్త ట్యాంకర్లు వెళ్ళాయి.

గెలిచామన్న హుషారుతో నేను వెనక్కి వస్తే మేడం సీట్లో లేరు. మేనేజరు కేబిన్లో, ఆయన ఎదురుగా చాయ్ తాగుతూ కనబడ్డారు. తరువాత అడిగితే, “చెడ్డోడు కాదమ్మా, భయపడినాడు. ఆ మాట ముందే ఆయనతో మాట్లాడింటే ఇంత దూరం వచ్చేది కాదు. అది నాకు తోచలేదు,” అన్నారు.

ఈరోజు నా కింద ఒక బృందం ఉంది. రిపోర్టులో ఒక విభాగం లెక్కలు బాగోలేవని తెలిస్తే, అవి పైవాళ్ళకు పంపే ముందు ఆ విభాగం చూసే మనిషి దగ్గరికి నేనే వెళతాను. దాచనని మొదటే చెబుతాను. కుర్చీ లాక్కుని, “ఇది సరిచేయడానికి మీకేం కావాలి?” అని అడుగుతాను. చాలామంది బయటివాళ్ళు వినకుండా ముందు తలుపు వేస్తారు, ఆ తరువాత నోరు విప్పుతారు.