అందరికంటే గట్టిగా అన్న ఆమెన్

ఒక ఆమెన్ నా గొంతులో ఇరుక్కుని చాలా ఏళ్ళయింది. చేపముల్లయితే ఇంత అన్నం ముద్ద మింగితే దిగిపోయేది. ఇది దిగలేదు. నేనసలే వాగుడుకాయని. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా మైకు కంటే ముందు నా నవ్వే వినిపిస్తుంది. ఇంత నోరున్నదాన్ని ఈ ఒక్క మాట ఎలా దాచుకోగలిగానా అని నాకే ఆశ్చర్యం. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది మార్టూరు దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. అప్పుడు ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, నేను. వదినకి రెండుసార్లు కడుపు పోయింది. గుంటూరులో డాక్టరమ్మ మొగుడూ పెళ్ళాలిద్దరి రక్తమూ తీయించి, కొన్ని వారాలాగి రమ్మంది. సరిగ్గా అప్పుడే మిరప కోతలొచ్చాయి. "బైపీసీ చదివావుగా, నీకైతే అర్థమవుద్ది. నువ్వెళ్ళిరా" అన్నాడు అన్నయ్య. ఎగిరి గంతేశాను. గుంటూరంటే నాకు కొత్త చెప్పులు, ఐస్‌క్రీమ్.

డాక్టరమ్మ కంప్యూటర్లో అన్నయ్య క్రోమోజోములు చూపించింది. ఎండు మిరపకాయల్లా వంకర వంకరగా, జతలు జతలుగా పేర్చి ఉన్నాయి. మనుషులకి మామూలుగా నలభై ఆరు ఉంటాయి. అన్నయ్యకి నలభై అయిదే. పోయిందేమీ లేదట. ఇరవై ఒకటో జతలోది ఒకటి వెళ్ళి పద్నాలుగో జతలోదానికి అతుక్కుందట. అన్నయ్య ఆరోగ్యానికి ఏ లోటూ లేదు, బిడ్డకి పంచేటప్పుడే తేడా వస్తుంది అంది. ఒక్కోసారి కడుపు నిలవదు. ఒక్కోసారి ఇరవై ఒకటోది ఎక్కువై డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుడుతుంది. ఒక్కోసారి ఏ ఇబ్బందీ ఉండదు. ఈసారి కడుపు నిలిస్తే ఉమ్మనీరు తీసి పరీక్ష చేసి ముందే చెప్పొచ్చు. మీ వదినకి అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇద్దర్నీ తీసుకురా అంది. అంతవరకూ బుద్ధిగా తలూపాను. అప్పుడంది, ఇది మీ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండొచ్చు, నువ్వూ పరీక్ష చేయించుకోమ్మా అని.

అప్పటికి నా పెళ్ళి ఖాయమైంది. మా చర్చిలో పెళ్ళికి ముందు వరసగా కొన్ని ఆదివారాలు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. ఆ అభ్యంతరం నా రక్తంలోనే ఉందేమో! ఆ మాట బయటికొస్తే పెళ్ళికొడుకు వాళ్ళు ఆగుతారా?

ఇంటికొచ్చి, "అన్నయ్య ఆరోగ్యానికి ఏ లోటూ లేదంట" అన్నాను. అబద్ధం కాదు, డాక్టరమ్మ అన్న మాటే. కాకపోతే సగం. మిగతా సగం అమ్మ పూరించుకుంది, లోపం కోడలిదేనని. వదిన తల వంచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆపానా? లేదు. కొత్త చెప్పులు తీసి అందరికీ చూపించాను.

ఆ ఆదివారం నా పేరు చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తర్వాత సాక్ష్యాలు. ఎవరైనా లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవచ్చు, ప్రార్థన అడగొచ్చు. వదిన లేచింది. లోపం తనదేనని, తనకి తెలియని పాపమేదైనా ఉంటే క్షమించమని ప్రార్థన చేయమంది. పాస్టరు అయ్యగారు చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నాను? వదిన మీద జాలా, నా గుండె దడ నాకు వినపడకూడదనా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

పెళ్ళయి పక్క వీధికే వెళ్ళాను. కడుపుతో ఉన్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్ళి నా రక్తం ఇచ్చాను. చూశారా నా తెలివి! నాకైతే పరీక్ష కావాలి. నలభై ఆరూ ఉన్నాయన్నారు. అంటే ఇక నాకు భయం లేదు, దాచడానికి కారణమూ లేదు. అప్పుడూ చెప్పలేదు. మొదట పెళ్ళి కోసం దాచాను, ఆ తర్వాత దాచానన్న సంగతి దాచడానికే దాచాను.

తర్వాత వదినకి కడుపు నిలిచింది. ఉమ్మనీటి పరీక్ష సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలిసినదాన్ని నేను నోరు మూసుకున్నాను. గ్రేసి పుట్టింది, డౌన్ సిండ్రోమ్‌తో. క్రోమోజోముల పరీక్షలు చేద్దామని డాక్టర్లంటే, "నా కూతురికి పరీక్షలేంటి?" అని అన్నయ్య ఎత్తుకొచ్చేశాడు. అమ్మ మళ్ళీ వదిననే అంది.

ఇప్పుడు గ్రేసిని చూడాలి మీరు! మా కల్లానికి అదే పెత్తందారు. కాళ్ళు కడుక్కోకుండా మిరపకాయల మీద అడుగేస్తే వాళ్ళ నాన్ననైనా తరుముతుంది. చర్చిలో చప్పట్లు అందరికంటే ఒక దెబ్బ ఆలస్యంగా కొడుతుంది, ఇప్పుడు అందరూ దాని కోసం ఆగి కొడతారు. ఏం చెప్పినా ఆమెన్ అంటుంది, పోయిన చెప్పుల ప్రకటనకి కూడా. అది పక్కన లేకపోతే అమ్మకి ముద్ద దిగదు. నేనప్పుడే చెప్పి ఉంటే ఈ పిల్ల ఉండేదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఎంత తియ్యటి సాకో! పిల్ల బంగారమైతే నా దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?

చెబుదామని సాక్ష్యాలప్పుడు చాలాసార్లు లేచాను. లేచిన ప్రతిసారీ మా గేదె ఈనిందనో, పత్తికి మంచి ధర వచ్చిందనో చెప్పి కూర్చున్నాను. మా గేదెకి ఊళ్ళో అంత పేరు రావడానికి కారణం అదే.

మొన్న కల్లంలో వదినా నేనూ తాలుకాయలు ఏరుతున్నాం. రంగు పోయినవాటిని ఎర్రకాయల్లోంచి తీసేస్తాం కదా, అవి. గ్రేసి నా బుట్టలో చెయ్యి పెట్టి, "అత్తా, ఇది మంచి కాయే, ఎందుకు పారేశావ్?" అని ఒకటి పైకి తీసింది. దాని వెనకే నా నోట్లోంచి అంతా వచ్చేసింది.

వదిన చెయ్యి ఆగిపోయింది.

"ముందే తెలిస్తే నేనేం చేసేదాన్నో నీకు తెలుసా?"

"తెలీదు వదినా."

"నాకూ తెలీదు. ఆ మాట నన్నడగాల్సింది. నువ్వే తేల్చేశావు."

"నన్ను క్షమించు వదినా."

"నాకు చెప్పి చేతులు దులుపుకుందామనా? నేనెక్కడ నిలబడి ఒప్పుకున్నానో, నువ్వూ అక్కడే నిలబడి చెప్పు."

అన్నయ్యకి వదినే చెప్పింది. అన్నయ్య నా మొహం చూడకుండా, కాయలు ఆరబోసే పట్టా మడతపెడుతూ, "చెప్పనీ, నా రక్తం గురించేగా" అన్నాడు.

నిన్న ఆదివారం లేచాను. మళ్ళీ గేదేనా అన్నట్టు వెనక వరసలో ఎవరో నవ్వారు. చెప్పాను. లోపమనే మాటే తప్పని, దాన్ని మా వదిన నెత్తిన పెట్టింది నేనని, తను నిలబడ్డ చోటే నిలబడి, అమ్మ వింటుండగా చెప్పాను. అయ్యగారు చేతిలో బైబిలు మూసి నా వైపు చూశారు.

"ఆమెన్!" అంది గ్రేసి, ఒక దెబ్బ ఆలస్యంగా, అందరికంటే గట్టిగా.

అందరూ అన్నారు. వదిన అనలేదు. ఎప్పటికైనా అంటుందో లేదో నాకు తెలీదు. కానీ ఇంటికెళ్ళి అన్నం కలుపుకున్నాను, ముద్ద గొంతులోంచి హాయిగా దిగిపోయింది.